ఉడికించిన డబుల్ బీన్స్: పోషకాలను లెక్కించే తీరు, పోగొట్టుకోకుండా వండే తీరు

వంద గ్రాముల డబుల్ బీన్స్‌లో 21 గ్రాముల ప్రొటీన్, 19 గ్రాముల పీచు, 338 కిలోక్యాలరీల శక్తి ఉన్నాయని ఎక్కడైనా చదివితే, అది ఎండు గింజల లెక్క అని ముందుగా గుర్తించాలి. ఎండు గింజలను ఎవరూ నమిలి తినరు. అవి రాత్రంతా నాని, నీళ్లు పీల్చుకుని, ఉడికి కంచంలోకి వచ్చేసరికి బరువు రెండున్నర రెట్లు దాటుతుంది. కాబట్టి కంచంలోని వంద గ్రాముల ఉడికిన గింజల్లో ప్రొటీన్ ఎనిమిది గ్రాములకు కొంచెం తక్కువగానే ఉంటుంది. ఈ తేడా గమనించకపోవడం వల్ల ఒక కప్పు కూర తిని రోజుకు కావలసిన ప్రొటీన్‌లో సగం వచ్చేసిందని అనుకునేవారు ఉన్నారు; గింజ తిన్నందుకు బరువు పెరుగుతామని భయపడేవారూ ఉన్నారు. ఉడికిన గింజను ఉడికిన గింజగానే తూచి, లెక్కించి, అందులోని సారం నీళ్లతో పోకుండా వండుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు గింజను గుర్తుపట్టడం

మన కిరాణా కొట్లలో డబుల్ బీన్స్ పేరుతో దొరికే వెడల్పాటి, చదునైన, కాస్త వంపు తిరిగిన గింజనే ఇంగ్లీషువారు లైమా బీన్ అంటారు. పెరూ రాజధాని లీమా నగరం పేరే ఇంగ్లీషు పలుకుబడిలో లైమా అయింది. శాస్త్రీయ నామం ఫాసియోలస్ లూనేటస్. గింజ చంద్రవంకలా ఉంటుంది కనుక ఆ రెండో మాట వచ్చింది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో పెద్ద గింజల రకాన్ని, మధ్య అమెరికా వైపు చిన్న గింజల రకాన్ని వేర్వేరుగా సాగులోకి తెచ్చారు. నేటికీ అమెరికా దుకాణాల్లో పెద్ద లైమా, బేబీ లైమా అని రెండు పొట్లాలు పక్కపక్కనే ఉండటానికి మూలం అదే. బేబీ లైమా అంటే పెద్దదాని లేత రూపం కాదు, అది చిన్న గింజల రకం. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లోనూ బ్రిటన్‌లోనూ ఇదే గింజను బటర్ బీన్స్ అంటారు.

మన చిక్కుడు గింజలు వేరు. చిక్కుడు, రాయలసీమవారి అనపకాయ (కోస్తాలో సొరకాయను పిలిచే ఆనపకాయ కాదు), చిత్తూరు వైపు నానబెట్టి పొట్టు తీసి చేసే పితికిపప్పు, ఇవన్నీ లాబ్లాబ్ అనే మరో జాతికి చెందినవి. అంతర్జాలంలో చిక్కుడు గింజల పోషకాలని వెతికితే లైమా బీన్స్ అంకెలు, బ్రాడ్ బీన్స్ అంకెలు కలగాపులగంగా కనిపిస్తాయి. బ్రాడ్ బీన్స్ అనేది మూడో జాతి. విదేశాల్లో ఉన్న తెలుగువారు అనపగింజలు దొరకనప్పుడు ఘనీభవించిన లైమా గింజలతో కూర చేసుకోవడం మామూలే, రుచికి అది చెల్లుతుంది. అయితే పోషకాల లెక్కలో మాత్రం ఏ గింజ అంకెలను ఆ గింజకే వాడాలి. ఇక్కడ ఇచ్చే అంకెలు లైమా గింజలవి, అంటే డబుల్ బీన్స్‌వి.

ఉడికిన వంద గ్రాముల్లో ఏముంది

అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టిక ప్రకారం, ఉప్పు వేయకుండా ఉడికించి నీళ్లు వంచిన వంద గ్రాముల పెద్ద లైమా గింజల్లో దాదాపు 70 గ్రాములు నీరే. మిగిలినదానిలో 21 గ్రాములు పిండిపదార్థాలు (అందులో 7 గ్రాములు పీచు), 7.8 గ్రాములు ప్రొటీన్. కొవ్వు అర గ్రాము కూడా ఉండదు. మొత్తం శక్తి 115 కిలోక్యాలరీలు. ఇనుము 2.4 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 43, ఫాస్ఫరస్ 111, పొటాషియం 508 మిల్లీగ్రాములు, ఫోలేట్ అనే బి విటమిన్ 83 మైక్రోగ్రాములు ఉంటాయి. కాల్షియం 17 మిల్లీగ్రాములే. ఎముకల బలానికి డబుల్ బీన్స్ తినమని ఎవరైనా చెబితే ఆ మాటకు ఆధారం లేదు. ఆ పని పాలకు, పెరుగుకు, రాగులకు వదిలేయాలి. బి12 విటమిన్ ఇందులో అసలు ఉండదు. సోడియం సహజంగా 2 మిల్లీగ్రాములే, ఆపైన ఉండేదంతా మనం వేసే ఉప్పే.

ఈ అంకెలు ఎంత గొప్పవో తెలియాలంటే పక్కన అన్నాన్ని పెట్టి చూడాలి. ఉడికిన వంద గ్రాముల తెల్ల అన్నంలో శక్తి సుమారు 130 కిలోక్యాలరీలు, ప్రొటీన్ 2.7 గ్రాములు, పీచు అర గ్రాము లోపు. శక్తిలో రెండూ ఇంచుమించు సమానమే అయినా గింజలో ప్రొటీన్ మూడు రెట్లకు దగ్గరగా, పీచు పది రెట్లకు పైగా ఉంది. అందువల్ల కంచంలో ఒక గరిటె అన్నం తగ్గించి ఆ చోట ఒక గరిటె గింజలు వేసుకుంటే కడుపు నిండుతుంది, శక్తి పెరగదు, రక్తంలో చక్కెర కూడా నెమ్మదిగా పెరుగుతుంది. అన్నం అంతే ఉంచి దానిపై గింజలు చేర్చుకుంటే ఈ లాభంలో చాలా భాగం దక్కదు. మధుమేహం ఉన్నవారు ఈ తేడాను ముఖ్యంగా గమనించాలి.

లేత పచ్చి గింజలను వలిచి ఉడికిస్తే అంకెలు కొంచెం మారతాయి. వంద గ్రాములకు శక్తి 123 కిలోక్యాలరీలు, ప్రొటీన్ 6.8 గ్రాములు, పీచు 5.4 గ్రాములు. ఎండు గింజల్లో లేని సి విటమిన్ ఇందులో ఉడికిన తరువాత కూడా 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, కానీ ఫోలేట్ 26 మైక్రోగ్రాములకు పడిపోతుంది. లేతదే మేలన్న నమ్మకం అన్ని పోషకాలకూ వర్తించదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంటి కొలతతో లెక్క

వంటింట్లో తూనిక యంత్రం ఉంటే వండే ముందే ఎండు గింజలను తూచడం అన్నిటికంటే సులువు. మనిషికి 40 గ్రాముల ఎండు గింజలు తీసుకుంటే, ఉడికాక సుమారు 110 గ్రాములు అవుతాయి. ఆ 110 గ్రాముల్లో 127 కిలోక్యాలరీల శక్తి, 8.6 గ్రాముల ప్రొటీన్, 7.7 గ్రాముల పీచు, 2.6 మిల్లీగ్రాముల ఇనుము, 90 మైక్రోగ్రాముల ఫోలేట్, 560 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. ఇంటిల్లిపాదికీ కలిపి వండినప్పుడు మొత్తం ఎండు గింజల బరువును 2.75తో హెచ్చిస్తే ఉడికిన బరువు దాదాపుగా వస్తుంది. కూరలో కలిసిన ఉల్లి, టమాటా, నీరు బరువులను గింజల ఖాతాలో వేయకూడదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం పెద్దవారిలో స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రొటీన్, 29 మిల్లీగ్రాముల ఇనుము, 220 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలి. పురుషుడికి 54 గ్రాముల ప్రొటీన్, 19 మిల్లీగ్రాముల ఇనుము. పైన చెప్పిన ఒక్క వడ్డనతో స్త్రీకి ప్రొటీన్‌లో ఐదో వంతుకు దగ్గరగా, ఫోలేట్‌లో ఐదింట రెండు వంతులు అందుతాయి. ఇనుము మాత్రం పదో వంతుకు లోపే. గర్భిణికి ఫోలేట్ అవసరం 570 మైక్రోగ్రాములకు పెరుగుతుంది. అందుకే వైద్యులు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రకు బదులుగా ఈ గింజలు సరిపోతాయని అనుకోకూడదు.

నూనె లెక్క మరవకూడదు. ఒక టీస్పూను నూనెకు 40 కిలోక్యాలరీలు. నలుగురికి చేసిన కూరలో రెండు పెద్ద గరిటెల నూనె, అర చిప్ప కొబ్బరి, గుప్పెడు జీడిపప్పు పడితే గింజలో కొవ్వు లేదన్న మాటకు అర్థం ఉండదు.

నానబెట్టడం, ఉడికించడం

ఈ గింజను వండటంలో పోషకాల కంటే ముందు చూడవలసిన విషయం ఒకటి ఉంది. లైమా గింజలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. కర్రపెండలంలో ఉండేదీ ఇదే. పచ్చి గింజ నలిగినప్పుడు గింజలోని ఒక ఎంజైము దానితో కలిసి హైడ్రోజన్ సయనైడ్‌ను విడుదల చేస్తుంది; అది విషవాయువు. అడవి రకాల్లోను, ముదురు రంగు గింజల్లోను లినమారిన్ ఎక్కువ. సాగులో ఎంచుకుంటూ వచ్చిన తెల్ల రకాల్లో చాలా తక్కువ. కొట్లో కొన్న తెల్ల డబుల్ బీన్స్‌ను చూసి జడుసుకోనక్కరలేదు గాని, ఏ రంగు గింజనైనా పచ్చిగా తినకూడదన్న నియమం మాత్రం తప్పకూడదు. పెసల మాదిరిగా వీటిని మొలకెత్తించి నిమ్మరసం పిండుకుని పచ్చిగా తినడం, నానబెట్టి పచ్చిపిండిగా రుబ్బి అట్లు పోసుకోవడం మంచిది కాదు. వడలో, కట్లెట్టో చేయాలంటే ముందు పూర్తిగా ఉడికించి తరువాతే మెదపాలి.

ఎండు గింజలను ఏరి, కడిగి, నాలుగు రెట్ల నీళ్లలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టాలి. మన ఎండాకాలంలో వంటింటి వేడికి ఆరు గంటలకే నీళ్లు పులిసి నురగ కడతాయి కనుక, ఆ రోజుల్లో గిన్నెను ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. రాత్రి నానబెట్టడం మరచిపోతే, గింజలను నీళ్లలో రెండు నిమిషాలు తెర్లించి, పొయ్యి కట్టేసి, మూతపెట్టి గంటసేపు వదిలేయవచ్చు. ఏ పద్ధతిలో నానబెట్టినా ఆ నీళ్లను పారబోయాలి. కడుపు ఉబ్బరానికి కారణమైన రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలలో కొంత భాగం ఆ నీళ్లతోనే పోతుంది. ఇంగువ, అల్లం, వాము వేస్తే ఉబ్బరం ఉండదని పెద్దలు అంటారు. రుచికి అవి ఎంతో బాగుంటాయి గాని, నా అనుభవంలో నీళ్లు మార్చడమూ, తినే మోతాదును వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవడమూ చేసినంత మేలు అవి చేయలేదు.

తరువాత కొత్త నీళ్లు పోసి, మూత పెట్టకుండా పది నిమిషాలు బాగా తెర్లనివ్వాలి. మూత తీసి ఉంచమనడానికి కారణం ఉంది. హైడ్రోజన్ సయనైడ్ 26 డిగ్రీల సెల్సియస్ వద్దే ఆవిరవుతుంది. తెరిచిన గిన్నెలో అది ఆవిరితో పాటు బయటికి పోతుంది. పచ్చి గింజల్లో ఉండి కడుపును ఇబ్బంది పెట్టే లెక్టిన్లు, ప్రొటీన్ అరుగుదలను అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు కూడా ఈ మరుగుడు వేడికి చాలావరకు పనిచేయకుండా పోతాయి. విదేశాల్లో చాలామంది వాడే స్లో కుక్కర్ సన్నని సెగలో మరుగుడు దాకా చేరకపోవచ్చు. కాబట్టి నానిన గింజలను నేరుగా అందులో వేయకుండా ముందు పొయ్యి మీద పది నిమిషాలు తెర్లించి తీరాలి.

పైకి తేలిన నురగను గరిటెతో తీసేసి, అప్పుడు కుక్కర్‌లోకి మార్చుకోవాలి. డబుల్ బీన్స్ నురగ మామూలు పప్పు నురగ కంటే ఎక్కువ. దానికి తోడు పొట్టు ఊడి పైకి తేలి ఆవిరి రంధ్రానికి అడ్డుపడగలదు. అందువల్ల కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదు, ఒక టీస్పూను నూనె వేస్తే నురగ అణుగుతుంది. నానిన ఎండు గింజలకు రెండు మూడు విజిల్స్, ఆపైన సన్నని సెగ మీద ఐదు నిమిషాలు చాలు. లేత గింజలకు మూత లేని గిన్నెలోనే ఇరవై నిమిషాలు పట్టవచ్చు. ఉడికిందో లేదో విజిల్స్‌ను లెక్కబెట్టి తేల్చకూడదు. రెండు వేళ్ల మధ్య నొక్కితే గింజ వెన్నలా నలగాలి, నడుమ పలుకు తగలకూడదు.

ఎంత ఉడికించినా మెత్తబడని గింజలు కొన్నిసార్లు వస్తాయి. గింజ ఏళ్ల తరబడి నిల్వ ఉన్నదైనా కావచ్చు, నీళ్లు చవుడువైనా కావచ్చు. తెలంగాణలోను, రాయలసీమలోను బోరు నీళ్లతో వండేవారికి ఇది బాగా తెలిసిన బాధ. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజ కణాలను అతికి ఉంచే పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. వడపోసిన నీళ్లతో వండి చూస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. చింతపండు, టమాటా, మామిడికాయ లాంటి పులుపు కూడా ఇదే పని చేస్తుంది కనుక, పూర్తిగా ఉడికాకే కలపాలి. ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదన్న మాట మాత్రం నిజం కాదు. నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే పొట్టు మెత్తబడుతుంది కూడా. వంటసోడా చిటికెడు వేస్తే గింజ త్వరగా ఉడుకుతుందన్నది నిజమే. అయితే ఆ క్షారానికి బి1 విటమిన్ నశిస్తుంది, సోడియం చేరుతుంది, గింజ ముద్దవుతుంది. నేనైతే వాడను.

ఇక ఉడికిన నీళ్ల సంగతి. ఎండు గింజల అంకెలనూ, ఉడికిన గింజల అంకెలనూ పక్కపక్కన పెట్టి లెక్కగడితే నష్టం ఎక్కడుందో కనిపిస్తుంది. వంద గ్రాముల ఎండు గింజల్లో ఫోలేట్ 395 మైక్రోగ్రాములు. అవే ఉడికి 275 గ్రాములయ్యాక వాటిలో మిగిలేది 230 మైక్రోగ్రాముల లోపే. అంటే ఐదింట రెండు వంతులు వేడికీ నీళ్లకూ పోయాయి. పొటాషియం 1724 మిల్లీగ్రాముల నుంచి 1400కు తగ్గుతుంది. ఇనుము 7.5 నుంచి 6.6కు మాత్రమే తగ్గుతుంది. ప్రొటీన్, పీచు దాదాపు చెక్కుచెదరవు. కాబట్టి కొట్లో కొన్న తెల్ల గింజలైతే, పది నిమిషాలు తెర్లించిన తరువాత కుక్కర్‌లో గింజలు మునిగేంత నీళ్లే పోసి, ఆ నీళ్లను కూరలోనో చారులోనో వాడుకుంటే నీళ్లలోకి దిగిన ఫోలేట్‌లో కొంత దక్కుతుంది. రంగు గింజలూ, పెరటి తీగకు కాసిన ఏ రకమో తెలియని గింజలూ అయితే ఆ ఆశ పెట్టుకోకుండా, నానబెట్టిన నీళ్లతో పాటు తెర్లిన నీళ్లనూ పారబోసి, మళ్లీ కొత్త నీళ్లతో ఉడికించాలి.

ఇనుము ఒంటబట్టాలంటే

గింజల్లో ఉన్న ఇనుమంతా ఒంటబట్టదు. మాంసంలోని ఇనుము కంటే ఇది తక్కువగా ఇంకుతుంది. గింజలోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. నానబెట్టడం వల్ల ఫైటేట్లు కొంత తగ్గుతాయి. అదే పూటలో సి విటమిన్ తోడైతే ఇనుము చెప్పుకోదగ్గంత ఎక్కువగా ఇంకుతుంది. అయితే ఆ విటమిన్ వేడికి నిలవదు కనుక, నిమ్మకాయను కూర దించి చల్లార్చిన తరువాత పిండాలి. కంచం పక్కన పచ్చి ఉల్లిపాయ కంటే ఒక జామపండు ముక్క చాలా ఎక్కువ పని చేస్తుంది. భోజనం అవుతూనే టీ, కాఫీ తాగే అలవాటు ఉన్నవారు కనీసం గంట ఆగాలి, వాటిలోని టానిన్లు ఇనుమును ఇంకనివ్వవు.

ప్రొటీన్ విషయంలో అన్నానికీ గింజకూ పొత్తు బాగా కుదురుతుంది. ప్రొటీన్ తయారయ్యే అమైనో ఆమ్లాల్లో లైసీన్ గింజలో సమృద్ధిగా ఉండి మెథియోనిన్ తక్కువ. బియ్యంలో అందుకు తలకిందులు. రెండూ ఒకే ముద్దలో కలవాలన్న నియమమేమీ లేదు, ఒకే రోజులో అందితే చాలు.

ఎవరు జాగ్రత్తపడాలి

మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని వైద్యుడు చెప్పినవారికి ఒక వడ్డనలోని 560 మిల్లీగ్రాములు తక్కువేమీ కాదు. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. తినాలా వద్దా, తింటే ఎంత అన్నది వారి వైద్యుడే తేల్చాలి. అధిక రక్తపోటు ఉండి మూత్రపిండాలు బాగున్నవారికి ఇదే పొటాషియం మేలు చేస్తుంది, కూరలో ఉప్పు అదుపులో ఉన్నంతవరకు. డబ్బాల్లో వచ్చే ఉడికిన గింజలు ఉప్పు నీళ్లలో ఊరి ఉంటాయి. వాటిని జల్లెడలో వంచి, ధారగా నీళ్లు పోసి కడిగితే సోడియం బాగా తగ్గుతుంది. డబ్బా మీది సోడియం అంకె నీళ్లతో కలిపి వేసిందా, వంచిన గింజలకా అన్నది చదివి చూసుకోవాలి.

ఘనీభవించిన లేత గింజలను కర్మాగారంలో వేడి నీళ్లలో ముంచి తీస్తారే తప్ప పూర్తిగా ఉడికించరు. కనుక వాటినీ ఉడికించాల్సిందే, నానబెట్టనక్కరలేదు. ఇంట్లో ఉడికించినవి మిగిలితే రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి చేర్చి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. అంతకంటే ఎక్కువ వండితే ఒక్కో వడ్డన 110 గ్రాముల చొప్పున తూచి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టి, డబ్బా మీద తేదీ రాసుకోవాలి. తీసి వేడి చేసుకున్నప్పుడు మళ్లీ తూచే పని ఉండదు.